ఇంట్ల పెద్దోళ్లకి రెటీనా మచ్చ ఉంటే మన రిస్క్ ఎట్ల తెలుసుకోవాలె

మా నల్గొండ దిక్కు తాతకి చూపు మందగించిందంటే అందరు పొర వచ్చిందనే అంటరు, ఆపరేషన్ చేయిస్తే అయిపోతదనుకుంటరు, కానీ పొర తీసినంక కూడా మనిషి మొఖం నడుమల మసకగనే ఉంటే అది మాక్యులర్ డీజెనరేషన్, అంటే రెటీనా మచ్చ, కావొచ్చు. కంటి వెనక తెర లెక్క ఉండే రెటీనా నడిమి భాగం, అంటే మాక్యులా, దెబ్బతింటది, పక్క చూపు మాత్రం ఉంటది. అందుకే మొదలు పాత ఆస్పత్రి చీటీలు తీసి జబ్బు పేరు ఏం రాసిన్రో చూడుర్రి. శుక్లమా (అదే పొర), నీటికాసులా (గ్లకోమా), మాక్యులానా, మూడు వేరువేరు.

మాక్యులా అని తేలితే ఒక కాయితం మీద అమ్మ, నాయిన, తోబుట్టువులు, మేనత్తలు, మేనమామలు, ఎవరికి ఏ వయసుల వచ్చింది, ఎవరు బీడీ తాగెటోళ్లు, అన్నీ రాయాలె. బీడీ సంగతి తప్పకుండ రాయుర్రి, ఎందుకో చెప్త.

ఈ జబ్బుకి ఒక్క జీన్ కారణం కాదు. 2005ల ఒకటో క్రోమోజోమ్ మీదున్న సీఎఫ్‌హెచ్ జీన్‌కి దీనికి సంబంధం ఉందని తేలింది. మన ఒంట్ల కాంప్లిమెంట్ అని ఒక రోగనిరోధక వ్యవస్థ ఉంటది, ఈ జీన్ చేసే ప్రొటీన్ దానికి బ్రేకు లెక్క, వై402హెచ్ అనే తేడా ఉంటే బ్రేకు సరిగ పడదు, రెటీనా కింద వాపు పెరుగుతది. యూరప్ జాతోళ్ల లెక్కలల్ల ఆ తేడా ఒక కాపీ ఉంటే రిస్క్ రెండు మూడింతలు, అమ్మ నుంచి ఒకటి నాయిన నుంచి ఒకటి వస్తే ఐదారింతల దాకా పోతది. ఇంక పదో క్రోమోజోమ్ మీద ఏఆర్ఎంఎస్2, హెచ్‌టీఆర్‌ఏ1 అనే జీన్లు పక్కపక్కనే ఉంటయి, దాదాపు కలిసే వస్తయి, అందుకే అసలు దోషం ఏదానిదో విడదీసుడు కష్టమైంది. ఈ ఒకటో, పదో క్రోమోజోములు రెండిటి మీదా తేడాలున్న మనిషికి రిస్క్ చానా పెరుగుతది, దాని మీద పొగ తాగుడు తోడైతే ఇంకా. సీ2, సీఎఫ్‌బీ అనే జీన్ల దగ్గరుండే కొన్ని తేడాలు మాత్రం ఉల్టా కాపాడుతయి! 2016 నాటి పెద్ద స్టడీల ఈ జబ్బుకి సంబంధమున్న 52 జీన్ తేడాలు 34 చోట్ల దొరికినయి. ఒక్క తల్లి పిల్లలకే తలా ఒక తీరు జీన్లు పడతయి, అన్నకి వచ్చిందని తమ్మునికి రావాలని లేదు.

మరి జీన్ టెస్టు చేయించాల్నా? నన్నడిగితే పైసలు దండగ, రిజల్ట్ ఏదొచ్చినా ఇప్పటికైతే ట్రీట్మెంట్ మారదు, కంటి డాక్టర్లు కూడా అందరికీ రాయరు. ఆ పైసలతోటి 50 దాటినంక రెటీనా చూపించుకోండ్రి. కంటి వెలుగుల అద్దాలిచ్చిన్రు కదా అనొద్దు, చుక్కలేసి కంటిపాప పెద్దగ చేసి చూసిన్రా లేదా అన్నది ముఖ్యం. నల్గొండ, పాలమూరు పెద్దాస్పత్రులల్ల కంటి డాక్టర్‌ని అడగండ్రి, రెటీనాని లోపలిదాకా చూపెట్టే ఓసీటీ స్కాన్ కావాలంటే హైదరాబాద్ మెహిదీపట్నం సరోజినీ దేవికి పోవచ్చు.

బీడీ, చుట్ట, సిగరెట్ బంద్ చేయుడే అన్నిటికంటే పెద్ద మందు, జీన్లు మార్చలేం కానీ ఇది మన చేతుల ఉంది. పాలకూర, తోటకూర, మునగాకు, గుడ్డు పచ్చసొన తినుర్రి. విటమిన్, జింకు గోలీలు జబ్బు నడిమి దశకొచ్చినోళ్లకే, ఇంట్ల ఉందని ముందుగాల్నే మింగేటివి కావు. పొగ తాగెటోళ్లు, మానేసినోళ్లు బీటా కెరోటిన్ ఉన్నవి అస్సలు ముట్టొద్దు, ఊపిరితిత్తుల క్యాన్సర్ రిస్క్ పెరుగుతది.

ఇంట్ల వారానికోసారి ఇట్ల చూస్కోండ్రి: చత్వారం అద్దాలు పెట్టుకొని, మంచి వెలుతురుల, ఒక కన్ను మూసి గళ్ల క్యాలెండర్ నడిమి గడినే చూడాలె, తర్వాత రెండో కన్ను. గీతలు వంకరపోయినా, నడుమల నల్లగ కనిపించినా రేపు మాపు అనకుండ రెండు మూడు దినాలల్లనే రెటీనా డాక్టర్ దగ్గరికి ఉరకాలె, తడి రకమైతే (రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి కారే రకం) కంట్లకి ఇచ్చే ఇంజక్షన్ ఎంత తొందరగ పడితే అంత చూపు మిగులుతది.