శనగలో లద్దెపురుగు: మందు కొట్టాల్సిన అదను

ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి శనగలో లద్దెపురుగు ఎదగాలంటే కుబుసం విడవాల్సిందే. విడవమని చెప్పేది ఎక్డైసోన్ అనే హార్మోన్. మెదడు వెనక గ్రంథుల్లో ఊరే జువెనైల్ హార్మోన్ ఉన్నంతకాలం ప్రతి కుబుసం తర్వాతా మళ్లీ పురుగే. చివరి దశలో పురుగు చాలినంత బరువెక్కాక ఈ జువెనైల్ హార్మోన్ తగ్గిపోతుంది. అప్పుడు ఎక్డైసోన్ అందితే పురుగు మట్టిలో దూరి ప్యూపా (రెక్కల పురుగుగా మారే ముందు కదలకుండా ఉండే దశ) అవుతుంది.

నోవాల్యూరాన్ 10 ఇ.సి. అనే పురుగుమందు కొత్త చర్మం సరిగా కట్టనివ్వదు. కాబట్టి పిల్లపురుగులు గుంపుగా ఆకు గోకి తెల్లగా చేసినప్పుడే లీటరు నీటికి 1 మి.లీ. కలిపి సాయంత్రం కొట్టండి. పురుగు చచ్చేది ఆ తర్వాత వచ్చే కుబుసం దగ్గరే, అంటే కొన్ని రోజులు ఆగాలి. మర్నాడు పురుగు కదులుతోందని కంగారుపడి ఇంకో మందు కొట్టడం వృథా ఖర్చు. వేలెడు పురుగులకు నోవాల్యూరాన్ దాదాపు దండగే. త్వరలో భూమిలోకి దిగిపోతాయి. గుడ్లగుంపులున్న ఆకులు ఏరి నాశనం చేయండి. చేను చుట్టూ ఆముదం ఉంటే తల్లిపురుగు ఎక్కువగా దానిమీదే గుడ్లు పెడుతుంది, ఏరడం తేలిక.