మా కుందేలు ఎండుగడ్డి తినడం మొదలుపెట్టిందిలా

మా కుందేలు ఎండుగడ్డి ముట్టేది కాదు. పెల్లెట్లు (గుళికల మేత) తినేసి రాత్రంతా బోను చువ్వలు కొరికేది. గడ్డి మార్చాను, చెక్క బొమ్మలు కొన్నాను, లాభం లేదు.

ముందు వారం రోజుల్లో పెల్లెట్లు కొద్దికొద్దిగా సగానికి తగ్గించాను. తర్వాత టేపు, పిన్నులు పీకేసిన అట్టపెట్టెకు దాని తల సులువుగా పట్టేంత రెండు కంతలు చేసి, గడ్డి కూరి, మధ్యలో కొత్తిమీర కాడలు, ఆ పూట పెల్లెట్లు దాచాను. పెట్టెను దాని లిట్టర్ ట్రే (అది మలమూత్రాలు విడిచే పళ్లెం) పక్కనే పెట్టాను. కుందేళ్లకు అక్కడే కూర్చుని నమిలే అలవాటు. మూడో రాత్రి తల లోపలికి దూర్చి, గడ్డిపోచ మూతి పక్కన ఊగుతుంటే కరకరా నమిలింది. ప్రాణం కుదుటపడింది.

మాది రెండేళ్లది, అన్నిటికీ పనిచేస్తుందని చెప్పలేను. ఆరు నెలల్లోపు పిల్లలకు పెల్లెట్లు తగ్గించకండి. సగం రోజు ఏమీ తినకపోతే వెంటనే డాక్టరుకు చూపించండి.