అడుగున మచ్చ చూసి కొనకండి, ముందు మూతి చూడండి

తిరుపతి పాత సామాన్ల అంగళ్లలో కొన్నవో, పుంగనూరు వైపు పాత మిద్దెల అటకల మీద నుంచి దించినవో, సీసాల ఫోటోలు పంపి "ఎన్నేళ్లది సామీ?" అని అడుగుతారు. అందరూ పంపేది అడుగు ఫోటోనే. సగం గొడవ తేలేది మూతి దగ్గర.

సమస్య: అడుగున గుండ్రని గుర్తు ఉంది. నోటితో ఊదిందన్నారు, నమ్మకం కుదరడం లేదు.

కారణం: నోటితో ఊదిన సీసాకు మూతి దిద్దేటప్పుడు అడుగున ఇనప కడ్డీ అంటిస్తారు. తర్వాత విరిచేస్తే నడిమధ్యలో పెచ్చు లేచి, వేలికి గుచ్చుకునే మచ్చ మిగులుతుంది. అదే పాంటిల్ మచ్చ. దాన్ని అరగదీసి నునుపు చేస్తే చిన్న గుంటలా ఉంటుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. జనం మోసపోయేది ఓవెన్స్ మచ్చతో. అమెరికాలో మైకేల్ ఓవెన్స్ 1903లో తెచ్చిన ఆటోమేటిక్ మెషీన్ కరిగిన గాజును అచ్చులోకి పీల్చుకుంటుంది, కింద వేలాడే గాజును కత్తి కోసేస్తుంది. ఆ కోతే అడుగున వలయంలా మిగులుతుంది. గీత సన్నగా, అంచు ఈకలా చెదిరి ఉంటుంది. తరచూ ఒక పక్కకు జరిగి, ఒక్కోసారి అడుగు దాటి పక్క గోడ మీదికీ ఎక్కుతుంది. జిడ్డు పట్టిందంటే రెండు మచ్చలూ ఒకేలా కనిపిస్తాయి. అమ్మేవాళ్లు సీసా కడగరు మరి!

పరిష్కారం: సబ్బునీళ్లతో కడిగి, ట్యూబ్‌లైట్ కింద పక్క అతుకు గీతను (అచ్చు సగాలు కలిసిన చోట పడేది) గోటితో కింది నుంచి పైకి తడమండి. గీత మూతి అంచు మీదికి కూడా ఎక్కిందంటే మెషీన్ సీసానే, ఇక అడుగున మచ్చ ఏదైనా ఒకటే. మెడ దగ్గరే ఆగిపోతే మూతి చేత్తో దిద్దినట్టు. అతుకే లేకపోతే అప్పుడు అడుగు తిప్పి చూడండి.

సమస్య: పాంటిల్ మచ్చ నిజమే, సరుకు మాత్రం కొత్తగా ఉంది.

ఉత్తరప్రదేశ్‌లో గాజు పనికి పేరున్న ఫిరోజాబాద్‌లో ఇప్పటికీ నోటితో ఊదుతున్నారు, కాబట్టి ఆ మచ్చతో వయసు తేలదు. బల్లకు ఆనే అంచును భూతద్దంతో చూడండి. వాడకం వల్ల పడిన గీతలు నానా దిక్కులకూ పోతాయి. అన్నీ ఒకే వైపు బారులు తీరి ఉంటే ఎవరో గరుకు కాగితంతో రుద్దారు.

సమస్య: అడుగున 1912 అని ఉంది.

చాలావరకు అది అచ్చు నంబరే, తయారైన ఏడాది కాదు. గోలీ సోడా సీసాకు కూడా 1872 అంటారు. హైరమ్ కాడ్ ఇంగ్లండ్‌లో పేటెంట్ తీసుకున్న ఏడాది అది. ఆ తర్వాత ఆ తీరు సీసాలు మన దేశంలోనూ బోలెడు తయారయ్యాయి.

గాజు పాలరంగు తిరిగితే తేమ పట్టిందని అర్థం, వయసు లెక్కలోకి తీసుకోకండి. అడుగున తుప్పు రంగు మరకలాంటి కడ్డీ గుర్తులు మన అంగళ్లలో కనబడేదే తక్కువ, వదిలేయండి.