తలూపారు, కొనలేదు: కౌంటర్ దగ్గర మనిషిని తప్పుగా అర్థం చేసుకుంటే

బెజవాడ వన్‌టౌన్‌లో కొన్నాళ్ళు, తర్వాత బీసెంట్ రోడ్డులో, మొత్తం ఇరవై రెండేళ్ళు బట్టల కౌంటర్ వెనక నిలబడ్డాను. ఇప్పుడు కొత్తగా చేరిన కుర్రాళ్ళకి పని నేర్పుతున్నాను. వారానికోసారి గుంటూరు పట్నం బజారు కూడా వెళ్తాను. నెలకొకడైనా వచ్చి, "అన్నా, ఆయన అన్నిటికీ తలూపాడు, ఒక్కటీ తీసుకోకుండా లేచిపోయాడు, ఎక్కడ తేడా కొట్టింది?" అంటాడు. నేను అడిగేది ఎప్పుడూ ఒకటే: "ధర మాట రాకముందు ఆ మనిషి ఎలా కూర్చున్నాడు?" తెలీదు. చీర విప్పే తొందరలో చూడలేదు.

ముందు అది చూడండి, బాబూ. మంచినీళ్ళిచ్చి, ఏ ఊరు నుంచి వస్తున్నారు, పెళ్ళెప్పుడు అని అడిగే ఆ రెండు నిమిషాల్లోనే మనిషి మామూలు తీరు బయటపడుతుంది. చేతులు ఎంత ఆడిస్తారు, కళ్ళలోకి చూస్తారా లేదా, మాటకీ మాటకీ మధ్య ఎంతసేపు ఆగుతారు. ధర చెప్పాక ఇందులో ఏది మారితే దాన్నే పట్టించుకోవాలి. మారనిదానికి అర్థాలు వెతక్కండి. కొందరి నుదురు ఎప్పుడూ చిట్లించుకునే ఉంటుంది. అలాంటాయనకి కోపమొచ్చిందనుకుని మా కుర్రాడొకడు అడక్కుండానే రెండొందలు తగ్గించేశాడు.

అది చూశాక కూడా లెక్క తప్పితే, ఇక కింద చదవండి.

చేతులు కట్టుకుని కూర్చున్నారు

చేతులు కట్టుకుంటే మనసు మూసుకున్నట్టే అని ఎక్కడో చదివి వస్తారు. మన బళ్ళో "చేతులు కట్టుకోండి" అని చెప్పి కూర్చోబెట్టేవారు. పెద్దల ముందు అలా నిలబడితే మర్యాద. పైగా మే నెల ఎండలో చెమటలు కక్కుతూ వచ్చినవాళ్ళని నేరుగా ఏసీ కింద కూర్చోబెడితే చేతులు కట్టుకోక ఏం చేస్తారు? కుర్చీ జరపండి. చేతిలో చీర కొంగు పెట్టండి. అయినా చేతులు విప్పకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

కళ్ళలోకి చూడటం లేదు

వయసులో చిన్నవాళ్ళు, పల్లె నుంచి వచ్చిన ఆడవాళ్ళు చాలామంది పరాయి మనిషి కళ్ళలోకి చూడరు. తప్పు చేసినట్టేమీ కాదు. మీరూ చీర వైపే చూస్తూ మాట్లాడండి, సరిపోతుంది.

అన్నిటికీ తలూపుతున్నారు, తేల్చడం లేదు

మనకి ఊ కొట్టడం అలవాటు. కథ చెప్పేవాడికి ఊ కొడితే వింటున్నామని అర్థం, ఒప్పుకున్నామని కాదు. తలూపడమూ అంతే. మొహమాటస్తులైతే నచ్చలేదని నోటితో చెప్పరు. పెదవి విరుస్తారు, కొంగు రెండు వేళ్ళతో పట్టుకుని వెంటనే వదిలేస్తారు. "బాగుందా అమ్మా?" అని అడిగితే "బాగుంది" అనే వస్తుంది. "ఈ ఆకుపచ్చ తియ్యనా, ఆ మెరూన్ తియ్యనా?" అని అడగండి.

ఇంకోటి. పదిమంది కలిసి వస్తే గట్టిగా మాట్లాడే మనిషే నిర్ణయించేవాడని అనుకోకండి. జవాబు చెప్పబోయే ముందు అందరి చూపులూ ఎవరి మీదికి పోతున్నాయో చూడండి. మూల స్టూలు మీద నోరు మెదపకుండా కూర్చున్న మేనత్త అయి ఉంటుంది. చీర తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో వెయ్యండి.

తలూపుతున్నారు, కానీ పక్కకి తిరిగి, మన నోటి వంకే చూస్తూ

నన్ను ముంచింది ఇదే. ఒక మే నెల సాయంత్రం, ఏసీ పనిచెయ్యక కౌంటర్ పక్కనే పెద్ద పెడస్టల్ ఫ్యాను హోరుమంటోంది. గుంటూరు వైపు నుంచి ఒక పెద్దాయన భార్యతో వచ్చారు, కూతురి పెళ్ళికి. గొంతు పెద్దది. నేనేదైనా అడిగితే ఒక క్షణం ఆగి జవాబు చెప్తున్నారు. ఎదురుగా చూడకుండా ముఖం ఓ పక్కకి తిప్పుకుని, చూపు మాత్రం నా నోటి మీద పెట్టారు. దబాయించే రకం అనుకున్నాను. అలాంటివాళ్ళతో నా పద్ధతొకటి ఉండేది: ముఖంలోకి చూడకుండా, తల వంచుకుని, తక్కువ మాటల్లో చకచకా చెప్పెయ్యడం. అలాగే చేశాను. అంటే ఆయన ఆధారపడ్డ ఒకే ఒక్క దాన్ని, నా పెదవుల కదలికని, నేనే చీరల కుప్పలోకి దాచేశాను.

పద్నాలుగు చీరలు పక్కన పెట్టించారు. ఫాల్, జాకెట్టు కుట్టుకూలి విడిగా పడుతుందని మూడుసార్లు చెప్పాను, మూడుసార్లూ తలూపారు. బిల్లు చూసి "ఇది ఎప్పుడు చెప్పావయ్యా?" అని అరిచి, కుప్పంతా వదిలేసి వెళ్ళిపోయారు. ఆవిడ చెప్పులు వేసుకుంటూ మెల్లగా అంది: "స్పిన్నింగ్ మిల్లులో ముప్ఫై ఏళ్ళు చేశారు బాబూ. చెవులు సరిగ్గా వినపడవు. అడిగితే ఒప్పుకోరు."

85 డెసిబెల్స్ దాటిన చప్పుడులో రోజుకి 8 గంటల చొప్పున ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళకి ముందు దెబ్బతినేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే సన్నటి శబ్దాలు. గొంతు వినపడుతూనే ఉంటుంది, స, త లాంటి అక్షరాలు జారిపోతాయి. అందుకే "వినపడుతోందా?" అంటే "వినపడుతోంది" అంటారు, అబద్ధం కాదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో బాగానే మాట్లాడతారు, ఫ్యాన్ తిరిగితే తప్పుతారు. వయసు మీద పడ్డవాళ్ళకీ ఇదే తంతు. కొందరు నవ్వి ఊరుకుంటారు, మనం శాంతస్వభావం అనుకుంటాం. గొంతు పెంచేవాళ్ళని పొగరనుకుంటాం.

పరీక్ష చాలా తేలిక. ర్యాక్ వైపు తిరిగి, వీపు చూపిస్తూ, మామూలు గొంతుతో "కాఫీనా, టీనా అండీ?" అని అడగండి. "ఆఁ ఆఁ" అన్నారంటే దొరికిపోయింది.

ఇక ఏం చెయ్యాలంటే, ముందు ఫ్యాన్ ఆపండి. "ఈ గోలలో నాకే ఏమీ వినపడట్లేదండీ" అని నెపం ఫ్యాన్ మీద వెయ్యండి, ఆయన చెవి మీద కాదు. ఆయన ముఖం ఏ వైపు తిప్పుతున్నారో గమనించి, మనవైపు పెడుతున్న చెవి పక్కన కూర్చోండి. ట్యూబులైటు మీ వెనక ఉంటే మీ ముఖం చీకటవుతుంది, చోటు మారండి. నోట్లో కిళ్ళీ ఉంటే ఉమ్మేసి రండి. అరవద్దు, నలుగురూ తిరిగి చూస్తే ఆయనకి తలకొట్టేసినట్టవుతుంది. అందకపోతే అదే మాట మళ్ళీ చెప్పకుండా మార్చి చెప్పండి: "కుట్టుకూలి విడిగా" అందకపోతే "టైలర్ డబ్బులు వేరే". అంకెలు మాత్రం నోటితో చెప్పనే చెప్పకండి, కాలిక్యులేటర్ మీద కొట్టి చూపించండి. ఇరవైకీ అరవైకీ మధ్య నేను చూసిన గొడవలు అన్నీ ఇన్నీ కావు.

మిగతావి, ఎప్పుడో ఒకసారి తగిలేవి

ముక్కు గోక్కుంటే అబద్ధమా? వదిలెయ్యండి. 2006లో బాండ్, డీపాలో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు రెండొందలకి పైగా పరిశోధన పత్రాలు కలిపి చూస్తే, మనుషులు అబద్ధాన్నీ నిజాన్నీ సరిగ్గా పోల్చుకున్నది నూటికి 54 సార్లే. బొమ్మా బొరుసా వేసినా ఇంచుమించు అంతే.

మాటల విలువ 7 శాతమే, మిగతాదంతా బాడీ లాంగ్వేజ్ అని ఎవరైనా ట్రైనింగ్‌లో చెప్తే టీ తాగడానికి బయటికి రండి. 1967లో మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగాల్లోంచి పీకిన అంకె అది. ఆయన చూసింది ఇష్టం, అయిష్టం ఎలా తెలుస్తాయన్న సంగతి. కుట్టుకూలి ఎంతో ముఖం చూసి ఎవరూ చెప్పలేరు.

ముఖంలో అసలు కదలికే లేకపోతే పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు కావచ్చు. చెయ్యి వణుకుతోందేమో చూడండి, నోట్లు లెక్కపెట్టుకోవడానికి వెనక ఎవరున్నా తొందరపెట్టకుండా టైమివ్వండి.