దూకుడు తేనెటీగల పెట్టెలో రాణిని మార్చడం ఎలా?

దక్షిణ టెక్సాస్‌లో పెరట్లో తేనెటీగలు పెంచే మనవాళ్లు నాకు ఫోన్ చేసి చెప్పే మాట ఒకటే: "అన్నా, మొన్నటిదాకా సాధువుల్లా ఉన్న ఈగలు ఇప్పుడు గేటు దాకా తరుముతున్నాయి." కారణం దాదాపుగా రాణే. మీరు కొన్న సాధు ఇటాలియన్ జాతి రాణి పోయి, దాని కూతురు బయట ఆఫ్రికా సంకరం పోతుటీగలతో కలిసి వచ్చి ఉంటుంది. లేదా ఆ జాతి చిన్న గుంపు చొరబడి, మీ రాణిని చంపి పెట్టెను ఆక్రమించి ఉంటుంది.

ఈ సంకరం పుట్టింది బ్రెజిల్‌లో. అక్కడి వేడికి తట్టుకుని తేనె బాగా ఇస్తాయని వార్విక్ కెర్ అనే జన్యుశాస్త్రవేత్త 1956లో ఆఫ్రికా రాణుల్ని తెప్పించాడు. రాణులు బయటికి పోకుండా అడ్డుపెట్టిన జాలీలను 1957లో రియో క్లారో దగ్గర ఎవరో తీసేయడంతో 26 గుంపులు ఎగిరిపోయాయి. వాటి సంతానం 1990 అక్టోబరులో టెక్సాస్‌లోని హిడాల్గో చేరింది. విషం మామూలు ఈగదే. కానీ పది కుట్టేచోట వందలు కుడతాయి, అర కిలోమీటరు దాకా వెంటపడతాయి.

ఒళ్లంతా కప్పే లేతరంగు సూటు, రెండు జతల గ్లోవ్స్, బూట్ల పైన టేపు, నిండుగా రాజేసిన స్మోకర్ (ఈగలకు పొగ పట్టే డబ్బా) సిద్ధం చేసుకోండి. పిల్లల్నీ కుక్కనీ ఇంట్లో ఉంచండి. ఈగలు మీదపడితే కారులోకి పరుగెత్తండి. నీళ్లలో మాత్రం దూకొద్దు, తల పైకెత్తేదాకా కాచుకుని ఉంటాయి.

రంగు చుక్క పెట్టిన కొత్త రాణి చేతికొచ్చే రోజు ఖాయమయ్యాకే పని మొదలుపెట్టండి. ఎండ బాగా ఉన్న రోజు పెట్టెను పదిహేను ఇరవై అడుగులు జరిపి, పాతచోట రెండు తేనె ఫ్రేములతో (ఫ్రేమంటే ఈగలు పట్టు కట్టే చెక్క చట్రం) ఖాళీ పెట్టె ఉంచండి. మేతకు వెళ్లిన ముదురు ఈగలు, అంటే కుట్టేవాటిలో ఎక్కువ భాగం, అక్కడికే తిరిగొస్తాయి. జరిపిన పెట్టెలో పిల్లల్ని సాకే లేత ఈగలు మిగులుతాయి. మర్నాడు అందులో పాత రాణిని వెతికి చంపేయండి. మగ్గిన అరటిపండు వాసన వచ్చిందంటే అవి ఒకదాన్నొకటి హెచ్చరించుకుంటున్నట్టే. వెంటనే పొగ పట్టి మూత పెట్టేయండి.

ఇక అందరూ పాడుచేసేది ఇక్కడే. అదే రోజు కొత్త రాణిని నేరుగా వదిలేస్తారు. ఈ ఈగలు పరాయి రాణిని ఓ పట్టాన ఒప్పుకోవు, ఉండలా చుట్టేసి చంపేస్తాయి. ఒక రోజు ఆగి, రాణిని చిన్న పంజరంలోనే (దాని ఒక చివర పంచదార ముద్ద, దానిమీద బిరడా ఉంటాయి; బిరడా తీస్తే ఈగలు ముద్దను తినేసి రాణిని విడిపిస్తాయి), ఆ బిరడా తీయకుండా, పిల్లలున్న రెండు ఫ్రేముల మధ్య వేలాడదీయండి. వెంట వచ్చిన పరిచారక ఈగల్ని ముందే తీసేయండి.

పాత రాణి పోయిన ఏడో రోజున ప్రతి ఫ్రేమునూ ఈగలు రాలేలా దులిపి చూడండి. కొత్త రాణిని పెంచుకోడానికి ఈగలు కట్టే, వేరుశనగ కాయలా వేలాడే రాణి గదులన్నిటినీ నలిపేయండి. ఒక్కటి మిగిలినా మీ శ్రమ అంతా వృథా. ఫ్రేము అడుగు అంచున దాక్కున్న ఒక్క గదిని చూడక నేనో మంచి రాణిని పోగొట్టుకున్నాను. ఏడో రోజుకి కొత్తగా రాణిని పెంచుకునే లేత పురుగులు వాటికి మిగలవు, అందుకే అంతకంటే ముందు వద్దంటాను.

ఇప్పుడు పంజరం మీద వేలు ఆనించి చూడండి. జాలీ మీది ఈగలు తేలిగ్గా పక్కకి తప్పుకుంటే రాణిని ఒప్పుకున్నట్టు, బిరడా తీయండి. గట్టిగా పట్టుకుని తీగను కొరుకుతుంటే ఇంకో రెండు రోజులు ఆగండి.

కొంతమంది నాలుగో రోజే రాణిని చేత్తో వదిలేస్తారు, కొంతమంది ఏకంగా సబ్బునీళ్లు కొట్టి పెట్టెను పెట్టెగా చంపేస్తారు. రెండూ నాకు నచ్చవు. వేల ఈగలున్న పెట్టెలో మార్చాల్సింది ఒక్క రాణిని.

బిరడా తీశాక వారం రోజులు మూత ముట్టుకోవద్దు. తర్వాత పట్టులోని గదుల అడుగున బియ్యపు నూకలా నిలబడ్డ గుడ్లు కనిపిస్తే, పాతచోటి పెట్టెనూ దీన్నీ ఒకదానిమీద ఒకటి పెట్టి, మధ్యలో న్యూస్‌పేపరు పరిచి కలిపేయండి. పాత ఈగలు చచ్చి కొత్తవి ఎదిగేందుకు ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అప్పటిదాకా పక్కింటివాళ్లు లాన్ కోసేముందు మీకు చెప్పమనండి, ఆ మోటారు చప్పుడంటే వీటికి అస్సలు పడదు.