ప్రజాస్వామ్య ర్యాంకు చదవడం ఎలా: ఒక పాలిటీ మేడమ్ పద్ధతి

హైదరాబాద్ అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్లకు పాలిటీ చెబుతుంటాను. ఫిబ్రవరి, మార్చి నెలలు వచ్చాయంటే క్లాసులో ఒకటే ప్రశ్న: "మేడమ్, డెమోక్రసీ ఇండెక్స్‌లో ఇండియా ర్యాంకు ఎంత?" బిట్ పేపర్‌కైతే ఆ అంకె చాలు. మెయిన్స్‌లో ఎస్సే రాయాలన్నా, ఇంటి వాట్సాప్ గ్రూపులో బాబాయితో వాదన పడ్డా ఆ అంకె ఎందుకూ పనికిరాదు. అందుకని అలాంటి వార్త కనిపిస్తే ఏ వరుసలో చదవాలో, చదివాక మీ సొంత ఊళ్లో దాన్ని ఎలా సరిచూసుకోవాలో రాస్తున్నాను.

ముందు ర్యాంకును పక్కన పెట్టేయండి. మన దేశంలో ఏమీ మారకపోయినా పక్కవాళ్లు పైకో కిందికో పోతే మన ర్యాంకు మారిపోతుంది. చూడాల్సింది స్కోరు, అదీ మన పాత స్కోరుతో పోల్చి. ఏటా ఆ డెమోక్రసీ ఇండెక్స్ వేసే ఎకానమిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ లెక్కలో 2014లో ఇండియాకి పదికి 7.92 వచ్చింది, 2020లో 6.61. ర్యాంకు 27 నుంచి 53కి దిగింది. వార్తల్లో పెద్దక్షరాల్లో వచ్చింది ర్యాంకే. మీ నోట్సులోకి మాత్రం 7.92, 6.61 ఎక్కించుకోండి.

తర్వాత, ఏ సంస్థ ఏ పేరు పెట్టిందో విడివిడిగా రాసుకోండి. దీనికి 2021 మంచి ఉదాహరణ. ఆ ఫిబ్రవరి, మార్చి నెలల్లో మూడు రిపోర్టులు వచ్చాయి. ఎకానమిస్ట్ వాళ్లు మనల్ని "లోపాలున్న ప్రజాస్వామ్యం" అన్నారు. అమెరికాలోని ఫ్రీడమ్ హౌస్ "స్వేచ్ఛ ఉన్న దేశం" నుంచి "పాక్షికంగా స్వేచ్ఛ ఉన్న దేశం"లోకి దించింది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ యూనివర్సిటీలో ఉండే వీ-డెమ్ సంస్థ "ఎలక్టోరల్ ఆటోక్రసీ" అంది, అంటే ఎన్నికలు జరుగుతున్నా పాలన నిరంకుశం వైపు ఉందని. చూసింది ఒకే దేశాన్ని, ఒకే ఏడాదిని. పేర్లు మాత్రం మూడు. ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని కాదు. ఎవరి ప్రశ్నపత్రం వాళ్లది, పాస్ మార్కు గీత కూడా ఎవరిది వాళ్లదే.

కాబట్టి ప్రశ్నపత్రం తెరవండి. ఫ్రీడమ్ హౌస్‌ది చదవడం తేలిక: మొత్తం 25 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు మార్కులు. రాజకీయ హక్కులకు 40, పౌర స్వేచ్ఛలకు 60. 2020 రిపోర్టులో మనకు 71, 2021లో 67. ఆ 67ని విడదీస్తే రాజకీయ హక్కుల్లో 40కి 34, పౌర స్వేచ్ఛల్లో 60కి 33. ఎన్నికల విభాగం ఒక్కటే తీసుకుంటే 12కి 12. అంటే "మనం ఓట్లు వేస్తున్నాం, ప్రభుత్వాలు మారుతున్నాయి, ఇంకేం కావాలి" అనే బాబాయి మాటను ఈ రిపోర్టు కొట్టిపారేయడం లేదు. మార్కులు ఎక్కువగా పోయింది పౌర స్వేచ్ఛల దగ్గర, అంటే భావప్రకటన, న్యాయం లాంటి చోట్ల. కశ్మీర్‌కు వేరే స్కోరు ఇస్తారు, ఇందులో కలవదు. ఈ రెండు సంగతులూ చాలా వార్తల్లో కనిపించవు. నా క్లాసులో వాదన సగం ఇక్కడే చల్లబడుతుంది.

వీ-డెమ్ రిపోర్టుకు కాస్త ఓపిక కావాలి. అక్కడ ముందు అడగాల్సింది "మార్కులు వేసింది ఎవరు?" అని. ఒక్కో దేశం గురించి తెలిసిన అధ్యాపకులు, పరిశోధకులు ఒక్కో ప్రశ్నకు విడిగా మార్కు వేస్తారు. చాలా ప్రశ్నలకు కనీసం ఐదుగురు ఉండాలన్నది వాళ్ల లక్ష్యం. ఒకరు కఠినంగా దిద్దేవాళ్లు ఉంటారు, ఒకరు ఉదారంగా వేసేవాళ్లు ఉంటారు. ఎవరు దిద్దే తీరు ఎలాంటిదో అంచనా కట్టి సరిచేసే గణాంక పద్ధతి వాళ్ల దగ్గర ఉంది. అందుకే చివరికి వచ్చేది ఒకే అంకె కాదు. అంకెతోపాటు "ఇంత నుంచి ఇంత వరకు ఉండొచ్చు" అనే ఒక పట్టీ కూడా ఉంటుంది. గ్రాఫులో గీత చుట్టూ లేత రంగులో కనిపించేది అదే. దాన్ని వదిలేసి గీతను మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. ఎన్నికల ప్రజాస్వామ్యం అనిపించుకోవడానికి వాళ్ల సూచీలో సున్నా నుంచి ఒకటి దాకా ఉన్న స్కేలు మీద 0.5 దాటాలి, ఇంకొన్ని షరతులూ ఉన్నాయి. పట్టీ ఆ హద్దుకు అటూ ఇటూ పరుచుకుంటే ఆ దేశానికి పెట్టిన పేరు అంత గట్టిది కాదని వీ-డెమ్ వాళ్లే గుర్తు పెట్టి మరీ చెబుతారు.

ఇక అసలు తగువు. ఇదంతా మనుషుల అభిప్రాయం కదా, అభిప్రాయంతో దేశాన్ని కొలుస్తారా? 2021 మార్చిలో మన కేంద్ర ప్రభుత్వం ఫ్రీడమ్ హౌస్ రిపోర్టు తప్పుదోవ పట్టించేదని ఖండించింది. 2022లో ప్రధాని ఆర్థిక సలహా మండలికి చెందిన సంజీవ్ సన్యాల్, ఆకాంక్ష అరోరా ఇలాంటి సూచీలను తప్పుబడుతూ ఒక పేపరే రాశారు. దాన్ని ప్రభుత్వం మాట అని కొట్టేసేవాళ్లు 2024లో ఆండ్రూ లిటిల్, ఆన్ మెంగ్ అనే ఇద్దరు రాజనీతి శాస్త్రజ్ఞులు రాసిన వ్యాసం కూడా చదవాలి. వాళ్లు అభిప్రాయాలను పక్కనపెట్టి లెక్కకు దొరికేవి చూశారు. అధికారంలో ఉన్నవాళ్లు ఎన్నికల్లో ఓడిపోతున్నారా, పదవీకాల పరిమితులను దాటేస్తున్నారా, ఎందరు జర్నలిస్టులు జైల్లో ఉన్నారు, ఇలాంటివి. ప్రపంచం మొత్తం మీద ప్రజాస్వామ్యం పెద్దగా తగ్గినట్టు ఈ లెక్కల్లో కనిపించడం లేదన్నారు. మార్కులు వేసేవాళ్ల మూడ్ మారి ఉండొచ్చు కదా అని కూడా అడిగారు. వీ-డెమ్ పరిశోధకులు జవాబు రాశారు. లెక్కకు దొరికేదే చూస్తే, లెక్కకు దొరకకుండా జరిగేది తప్పించుకుపోతుందన్నది అందులో ఒక వాదన.

నన్నడిగితే ఈ తగువు అర్థం కావడానికి గోథెన్‌బర్గ్ దాకా పోనక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పంచాయతీల్లో సగం సీట్లు మహిళలకు. రికార్డు చూస్తే లెక్క సరిపోతుంది. ఊళ్లోకి వెళ్తే చాలాచోట్ల కుర్చీలో కూర్చున్నది భర్త, ఫోనెత్తేది ఆయనే, "సర్పంచ్ సాబ్" అని పిలిచేదీ ఆయన్నే. ఈ సంగతి ఏ లెక్కకూ దొరకదు, ఊరు తెలిసిన మనిషిని అడగాల్సిందే. అలాగని ఊరు తెలిసిన మనిషికి పార్టీ ఉండదా? ఉంటుంది. అందుకే నేను రికార్డునూ మనిషినీ రెంటినీ అడగమంటాను, రెండూ ఎక్కడ తేడా పడుతున్నాయో అక్కడ ఆగమంటాను.

ఇప్పుడు మీ ఊరి సంగతి. మొదట తారీఖులు. రాజ్యాంగం 243-ఇ ప్రకారం పంచాయతీ గడువు ఐదేళ్లు, గడువు తీరేలోపే ఎన్నిక జరిగిపోవాలి. మున్సిపాలిటీలకు ఉన్న ఇలాంటి ఐదేళ్ల గడువునే గట్టిగా పాటించాలని 2006లో కిషన్ సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇప్పుడు చూడండి: ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఎన్నికైన సర్పంచుల గడువు 2018 ఆగస్టులో తీరింది. మళ్లీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో. కోవిడ్ వల్ల అంటారు. కోవిడ్ వచ్చేసరికే గడువు దాటి ఏడాదిన్నర అయింది. తెలంగాణలో 2019 జనవరిలో ఎన్నికైనవాళ్ల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో తీరితే ఎన్నికలు 2025 డిసెంబర్‌లో జరిగాయి. మధ్యలో అంతా స్పెషలాఫీసర్ల పాలన. ఈ రెండు ఖాళీలూ ఏ ఒక్క పార్టీ ప్రభుత్వానికో పరిమితం కావు, అది కూడా గమనించండి. మూడు ప్రపంచ సూచీలు మనల్ని కిందికి దించిన ఆ 2021 మొదటి నెలల్లోనే, ఫిబ్రవరిలో, ఆంధ్రలో నాలుగు విడతల్లో పంచాయతీ పోలింగ్ జరిగింది, 80 శాతం పైగా ఓటేశారు. దేశం స్కోరు ఒకటి చెబుతుంటే మీ ఊరి క్యాలెండర్ ఇంకోటి చెప్పొచ్చు.

తర్వాత ఏకగ్రీవాలు. మీ మండలంలో ఎన్ని వార్డులు, ఎన్ని సర్పంచ్ పదవులు పోటీ లేకుండా అయ్యాయో రాష్ట్ర ఎన్నికల సంఘం ఫలితాల్లో దొరుకుతుంది. అంకె రాసుకుని, నామినేషన్ వేసి వెనక్కి తీసుకున్నవాళ్లు ఉంటే వెళ్లి కలవండి. ఊరంతా నిజంగానే ఒకమాట మీద ఉండొచ్చు, పదవి గుడి దగ్గర వేలం పాటలో పోయి ఉండొచ్చు. రికార్డులో రెండూ ఏకగ్రీవమే.

అసలు సరుకు గ్రామసభ రిజిస్టర్‌లో ఉంటుంది. తెలంగాణ 2018 చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. జరిగిందా లేదా తెలుసుకోవాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రెండు రాష్ట్రాల్లోనూ గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. తెల్లకాగితం మీద ఇలా రాస్తే చాలు: "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు జరిగిన అన్ని గ్రామసభల తేదీలు, తీర్మానాల కాపీలు, హాజరు పట్టిక కాపీలు ఇవ్వగలరు." "గ్రామసభలు ఎందుకు సరిగ్గా జరపడం లేదు?" అని మాత్రం రాయొద్దు. ఆ చట్టం కింద కాగితం అడగొచ్చు, సంజాయిషీ అడగలేం. ఒక్క ఆ వాక్యం పట్టుకుని మొత్తం దరఖాస్తును తిప్పి పంపేస్తారు.

కాపీలు వచ్చాక తీర్మానాల కంటే ముందు సంతకాల పేజీ చూడండి. మా స్టూడెంట్ ఒకబ్బాయి ఫోన్లో చూపించిన పేజీ ఇంకా గుర్తుంది. పైన ఓ డజను సంతకాలు రకరకాల పెన్నులతో, కొన్ని వంకరగా, మధ్యలో రెండు వేలిముద్రలు. ఆ కింద ఒక్కసారిగా అన్నీ ఒకే నీలి సిరా, ఒకే వాలు, ఇంటిపేర్లు ఓటరు జాబితాలో ఉన్న వరుసలోనే. ఎవరు కూర్చుని నింపారో చెప్పలేం. కానీ ఆ పేర్లలో నలుగురిని కలిసి "ఆ రోజు సభకి వచ్చారా?" అని అడగొచ్చు. వాడు అడిగాడు. ఒకావిడ ఆ నెలంతా కూతురి పురుడుకి సూరత్‌లో ఉందట. ఆడవాళ్ల సంతకాలు ఎన్ని, ఏ వాడ నుంచి ఒక్కరూ లేరు, చర్చించిన అంశాలు ప్రతిసారీ మక్కీకి మక్కీ ఒకటేనా, ఇవి కూడా ఆ పేజీల్లోనే తేలతాయి.

జనాన్ని అడిగేటప్పుడు టీ కొట్టు దగ్గర దొరికినవాళ్లను అడిగి సర్వే అనొద్దు. అక్కడ దొరికేది మగవాళ్లు, అదీ ఒక బ్యాచ్. ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ వాళ్ల లోక్‌నీతి సర్వేల్లో చేసే పని మీరూ చేయొచ్చు: ఓటరు జాబితా తీసుకుని, వెయ్యి పేర్లుంటే ప్రతి ఇరవయ్యో పేరు గుర్తు పెట్టి, ఆ మనిషి ఇంటికే వెళ్లడం. ఇంట్లో లేకపోతే పక్కింటివాళ్లతో సరిపెట్టకుండా సాయంత్రం మళ్లీ వెళ్లాలి. కోడల్ని అడిగితే అత్తగారు జవాబు చెప్పడం మామూలే, ఓపిగ్గా మళ్లీ కోడల్నే అడగండి.

దరఖాస్తు ఇచ్చేటప్పుడు జిరాక్స్ మీద తేదీతో ఆఫీసు ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, తర్వాతి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయాలి. ఎవరికి వేయాలో ఆ ఆఫీసు గోడ మీద సమాచార హక్కు బోర్డులో ఉండాలి. బోర్డు లేకపోతే ఫోటో తీసి, ఆ సంగతి కూడా మీ నోట్సులో ఒక లైన్ రాసుకోండి.