చిన్న బండి, పెద్ద లెక్క - 3వ పాఠం: స్కేలు వేరు, గేజు వేరు

పోయిన పాఠంలో దగ్గర్లో ఉన్న స్టేషన్‌కి వెళ్ళి ఒక బోగీ పొడవు అంగలు లెక్కపెట్టుకుంటూ కొలిచి రమ్మన్నాను. ఎక్కువమందికి 28, 30 అంగల మధ్య వచ్చే ఉంటుంది. అది చాలు. ఆ కాగితం పారేయకండి, ఇవాళ దానితో పని ఉంది.

మన దగ్గర స్కేలు అనగానే స్కూల్లో గీతలు గీసుకున్న చెక్క పట్టీ గుర్తొస్తుంది, ఈ నమూనా రైళ్ళ హాబీలోకి కొత్తగా వచ్చినవాళ్ళు తడబడటానికి సగం కారణం అదే. ఇక్కడ స్కేలు అంటే నిష్పత్తి, అసలు బండిని ఎన్నో వంతుకు కుదించాం అనే లెక్క. గేజు అంటే రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం. అంతే. ఒకటి బండి మొత్తానికి సంబంధించింది, రెండోది పట్టాల మధ్య ఉన్న ఖాళీకి మాత్రమే సంబంధించింది. ఈ రెండూ ఎప్పుడూ కలిసే మారతాయనుకుని డబ్బు పోగొట్టుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి, ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందు అన్నిటికన్నా ఎక్కువ వాడకంలో ఉన్న హెచ్‌ఓ అనే రకం సంగతి చూద్దాం. దీని స్కేలు 1:87, అంటే అసలు బండి మీద 87 మిల్లీమీటర్లు ఉన్నది మీ బల్ల మీద 1 మిల్లీమీటరు అవుతుంది. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. పేరు ఎలా వచ్చిందో తెలుసుకుంటే ఇంక మర్చిపోరు. జర్మనీలో మార్క్లిన్ కంపెనీ 1891లో లైప్‌జిగ్ సంతలో బొమ్మ రైళ్ళను పెట్టినప్పుడు గేజులకు 1, 2, 3 అని నంబర్లు ఇచ్చింది, నంబరు పెరిగేకొద్దీ బండి పెద్దది. తర్వాత ఒకటి కంటే చిన్నది చేయాల్సి వచ్చేసరికి ఏం చేస్తారు, సున్నా అన్నారు. సున్నాలో కూడా సగం చేయాల్సి వచ్చేసరికి అరసున్నా అన్నారు. హెచ్ అంటే సగం. మనం ఓ అని పలుకుతున్నది నిజానికి అక్షరం కాదు, సున్నా. సున్నాలో సగం అంటే సున్నాయే కదా అని లెక్కల మాస్టారు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇప్పుడు కాల్‌క్యులేటర్ తీయండి. 16.5ను 87తో గుణిస్తే సుమారు 1435 వస్తుంది. యూరప్, అమెరికా దేశాల్లో వాడే స్టాండర్డ్ గేజు సరిగ్గా అదే, 1435 మిల్లీమీటర్లు. అంటే వాళ్ళ బండికి వాళ్ళ పట్టా అతికినట్టు సరిపోయింది. మరి మన బ్రాడ్ గేజు? 1676 మిల్లీమీటర్లు, పాత లెక్కలో అయిదున్నర అడుగులు. దాన్ని 87తో భాగిస్తే 19.26. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మాత్రమే. అంటే మన బండిని 1:87లో కచ్చితంగా చేసి ఆ పట్టా మీద పెడితే, లెక్క ప్రకారం అసలు పట్టాలను 24 సెంటీమీటర్లు దగ్గరికి జరిపేసినట్టు. మామూలు కంటికి అది ముందు కనపడదు. ఒకసారి కనపడిందంటే మాత్రం ఇంక దాన్ని చూడకుండా ఉండలేరు, పెద్ద వొళ్ళు, సన్న కాళ్ళు ఉన్న మనిషిలా బండి ఊగుతున్నట్టు అనిపిస్తుంది.

నేను పిల్లలకు దీన్ని వేరేగా చూపిస్తాను. మన బ్రాడ్ గేజు అయిదున్నర అడుగులు, మామూలు మనిషి ఎత్తూ దాదాపు అంతే. కాబట్టి అయిదున్నర అడుగుల మనిషి బొమ్మను 1:87లో చేసి (19 మిల్లీమీటర్లు, అగ్గిపుల్లలో సగం కంటే కూడా చిన్నది) పట్టాల మధ్య అడ్డంగా పడుకోబెడితే తల ఒక పట్టాకి, కాళ్ళు రెండో పట్టాకి సరిగ్గా తగలాలి. కొనుక్కొచ్చిన పట్టా మీద పెట్టి చూడండి, పాపం మోకాళ్ళు ముడుచుకోవాల్సి వస్తుంది. బొమ్మతోనే చేయండి, అసలు పట్టాల దగ్గర ఇలాంటి ప్రయోగాలు వద్దు.

ఈ తేడా మనకొక్కళ్ళకే వచ్చిన కష్టం కాదు. బ్రిటన్‌లో పరిస్థితి ఇంకా తమాషాగా ఉంటుంది. వాళ్ళ పట్టాలు 1435యే అయినా సొరంగాలు, వంతెనలు తొలినాళ్ళలోనే ఇరుగ్గా కట్టేసుకోవడం వల్ల ఇంజన్లు యూరప్ ఇంజన్ల కంటే చిన్నవి. వాటిని 1:87కి కుదిస్తే అప్పటి మోటార్లు లోపల పట్టలేదు. దాంతో పట్టా మార్చకుండా బండిని మాత్రం కాస్త లావు చేసి 1:76 చేశారు, దానికి డబుల్ ఓ అని పేరు. 1938లో వచ్చిన హార్న్‌బీ డబ్లో బళ్ళు ఈ రకమే. లెక్క వేస్తే వాళ్ళ పట్టా అసలు దానికంటే 18 సెంటీమీటర్లు ఇరుకు. ఆ తప్పు ఇప్పటికీ అలాగే నడుస్తోంది. అది భరించలేనివాళ్ళు 18.83 మిల్లీమీటర్ల పట్టాను చేత్తో వేసుకుంటారు, దాన్ని పీ4 అంటారు. ఇక్కడ మనకు పనికొచ్చే చిన్న కిటుకు ఒకటుంది: అదే 18.83 పట్టా మీద మన బ్రాడ్ గేజు బండిని 1:87లో చేసి పెడితే లెక్క 1640 దగ్గర తేలుతుంది, అసలుకి నాలుగు సెంటీమీటర్లు కూడా తక్కువ కాదు. కాకపోతే చక్రాల ఇరుసులు కూడా మార్చుకోవాలి కాబట్టి మొదటి ఏడాది ఆ జోలికి పోకండి.

జపాన్ వాళ్ళది సరిగ్గా తిరగేసిన కథ. ఎన్ స్కేలు మామూలుగా 1:160, పట్టా 9 మిల్లీమీటర్లు. జపాన్ పాత లైన్ల గేజు 1067 మాత్రమే కాబట్టి ఆ బళ్ళను వాళ్ళు 1:150లో చేసి అదే 9 మిల్లీమీటర్ల పట్టా మీద నడుపుతారు, అక్కడ పట్టా వెడల్పు ఎక్కువైపోతుంది. షింకన్‌సేన్ స్టాండర్డ్ గేజు కాబట్టి అది మాత్రం 1:160.

ఇక నా సంగతి. మొదట్లో నేను ఒక సిగ్నల్ క్యాబిన్ కిట్ కొన్నాను, డబ్బా మీద హెచ్‌ఓకీ డబుల్ ఓకీ రెండిటికీ పనికొస్తుందని రాసి ఉంది. పట్టా ఒకటే కదా, ఇంకేం అనుకున్నాను. నాలుగు రాత్రులు కూర్చుని అతికించి, రంగు వేసి, బోగీ పక్కన పెడితే క్యాబిన్ తలుపు బోగీ తలుపు కంటే మూడు మిల్లీమీటర్లు పొడుగ్గా ఉంది. మూడు మిల్లీమీటర్లే కదా అంటారేమో, 87తో గుణించండి, అసలు లెక్కలో పావు మీటరు పైమాటే. ఏనుగు కోసం పెట్టిన తలుపులా ఉందని మా ఆవిడ అంది. అది ఇప్పటికీ అటక మీదే ఉంది. అందుకే ఏదైనా కొనేముందు డబ్బా మీద గేజు చూడకండి, స్కేలు చూడండి. రెండు స్కేళ్ళు రాసి ఉంటే కొనకండి.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం, ఎందుకంటే మీరు ఏ స్కేలు ఎంచుకోవాలన్న ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది. 1853 ఏప్రిల్ 16న ముంబైలోని బోరీబందర్ నుంచి ఠాణాకి మొదటి ప్రయాణికుల బండి నడిచే నాటికే అయిదున్నర అడుగుల గేజు ఖాయమైపోయింది. గవర్నర్ జనరల్ డల్‌హౌసీ అయితే ఆరడుగులే కావాలన్నాడు, చివరికి అయిదున్నర దగ్గర ఆగింది. పెద్ద దేశం, పెద్ద బండి, గట్టిగా నిలబడాలి. బానే ఉంది, కానీ ఆ వెడల్పుతో దేశమంతా లైన్లు వేయడానికి డబ్బు చాలలేదు. 1870 ప్రాంతంలో వైస్రాయ్ మేయో కాలంలో చవగ్గా అయ్యే సన్న గేజు ఒకటి కావాలన్నారు, అప్పట్లో ఇక్కడ మెట్రిక్ కొలతలు తేవాలన్న ఆలోచన కూడా ఉండటంతో సరిగ్గా ఒక మీటరు దగ్గర స్థిరపడ్డారు. 1873లో ఢిల్లీ-రేవాడీ లైను అలా మొదలైంది. మెట్రిక్ కొలతలు రావడానికి ఇంకో ఎనభై ఏళ్ళు పట్టింది గాని మీటరు గేజు మాత్రం ముందే వచ్చి కూర్చుంది. మన వైపు కూడా రెండూ ఉండేవి: నిజాం రాజ్యంలో వాడి-సికింద్రాబాద్ లైను 1874లో బ్రాడ్ గేజుగా వచ్చింది, సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వైపు వేసింది మీటరు గేజు.

సన్న గేజుతో మిగిలేది పట్టాల ఇనుము ఒక్కటే కాదు, మలుపులు కూడా చిన్నగా తిప్పొచ్చు. మన రైల్వే నిబంధనల్లో బ్రాడ్ గేజుకి ఎంత ఇరుకు మలుపైనా వ్యాసార్ధం 175 మీటర్లకు తగ్గకూడదు, మీటరు గేజుకి 109, రెండున్నర అడుగుల నేరో గేజుకి 44. వీటిని 87తో భాగించండి. బ్రాడ్ గేజుకి 2 మీటర్లు, అంటే గుండ్రంగా ఒక చుట్టు తిప్పాలంటే 4 మీటర్లకు పైగా వెడల్పున్న గది కావాలి. మీటరు గేజుకి 1.25 మీటర్లు. నేరో గేజుకి అర మీటరు! అర మీటరు వ్యాసార్ధమంటే బజారులో దొరికే ఎనిమిది అడుగులు, నాలుగు అడుగుల ప్లైవుడ్ షీటు మీద నిబంధన తప్పకుండా మొత్తం చుట్టు పడుతుంది. దుకాణాల్లో అమ్మే రెడీమేడ్ హెచ్‌ఓ వంపులు చాలావరకు 45 సెంటీమీటర్లకు అటూ ఇటూగానే ఉంటాయి, వాటి మీద రాజధాని ఎక్స్‌ప్రెస్ తిప్పుతాం, బోగీ మూలలు బయటికి పొడుచుకొస్తాయి. కూడు కుండలోనే ఉండాలి, పిల్లాడు దుడ్డులా ఉండాలి అంటే కుదరదు. మేయోకి ఖజానాలో వచ్చిన ఇబ్బందే మనకు మూడో బెడ్‌రూమ్‌లో వస్తోంది, జవాబు కూడా ఒకటే.

అందుకని నా ఓటు నౌపడ-పర్లాకిమిడి లైనుకి. శ్రీకాకుళం వాళ్ళకు చెప్పక్కర్లేదు. పర్లాకిమిడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల లైను, 1900లో మొదలైంది, తర్వాత గుణుపురం దాకా పెంచారు. ఒక కొసన నౌపడ ఉప్పు కొఠారులు, మధ్యలో టెక్కలి, పాతపట్నం, ఆ పైన కొండలు. ఇప్పుడది బ్రాడ్ గేజు అయిపోయింది, చిన్న బండి లేదు. రెండున్నర అడుగులు అంటే 762 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 8.76. ఎన్ స్కేలు పట్టా ఎంత? 9. పావు మిల్లీమీటరు తేడా! అంటే బండి, మనుషులు, స్టేషను అన్నీ 1:87లో చేసుకుని పట్టా, చక్రాలు మాత్రం ఎన్ స్కేలువి కొనుక్కుంటే సరిపోతుంది. ఈ పద్ధతికి హెచ్‌ఓఈ అని పేరు కూడా ఉంది. స్కేలు వేరు, గేజు వేరు అని ఇంతసేపు మొత్తుకున్నది దీనికోసమే. తెల్లటి ఉప్పు కుప్పలకు అసలు ఉప్పు వాడకండి, వర్షాకాలం తేమకి పట్టాలు తుప్పు పడతాయి, సుద్దపొడి వాడండి.

లేదు, నాకు పెద్ద లైనే కావాలి, గోదావరి వంతెనే కావాలి అంటారా? లెక్క వేద్దాం. రాజమండ్రి దగ్గర 1900లో తెరిచిన పాత హేవలాక్ వంతెనకు 56 ఖానాలు (స్తంభానికీ స్తంభానికీ మధ్య ఉండే భాగాలు), ఒక్కొక్కటి 150 అడుగులు. 1:87లో ఒక ఖానా 52 సెంటీమీటర్ల పైచిలుకు, మొత్తం కలిపి 29 మీటర్లు దాటుతుంది. ఎన్ స్కేలులో చేసినా 16 మీటర్లు. మా అపార్ట్‌మెంట్ కారిడార్ కూడా చాలదు, సెక్రటరీ ఒప్పుకోడు. అందుకే అందరూ మూడు ఖానాలు కట్టి, రెండు కొసల్నీ చెట్ల వెనక్కి దాచేస్తారు. తప్పేం లేదు. బోగీలూ అంతే, 24 బోగీల బండి హెచ్‌ఓలో ఆరు మీటర్లు దాటుతుంది, 7 బోగీలు పెట్టినా బల్ల మీద కంటికి నిండుగానే ఉంటుంది.

ఇంజన్ మీద అక్షరాలు చదవడం కూడా ఇవాళే నేర్చుకోండి, రెండు నిమిషాల పని. మొదటి అక్షరం గేజు: డబ్ల్యూ అంటే బ్రాడ్, వై అంటే మీటరు, జెడ్ అంటే రెండున్నర అడుగులు, ఎన్ అంటే రెండడుగులు. ఆవిరి ఇంజనైతే ఆ పక్కనే పని వస్తుంది, పీ అంటే ప్రయాణికుల బండి, జీ అంటే గూడ్సు. డబ్ల్యూపీ, వైపీ అని ఎక్కడ చూసినా ఇక స్కేలు లెక్క మీరే వేసేస్తారు. డీజిల్ అయితే మధ్యలో డీ, కరెంటు అయితే ఏ లేదా సీ చేరతాయి.

ఇంటిపని. ఒకటి, మీరు కొలిచి తెచ్చిన అంగల లెక్కను మీటర్లలోకి మార్చండి. మామూలు ఐసీఎఫ్ (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ) బోగీ బఫర్లతో కలిపి 22.3 మీటర్లు, వెడల్పు 3.25, మీ అంగ పొడవెంతో దాన్నిబట్టి తేలుతుంది. దాన్ని 87తోనూ 160తోనూ భాగించి (25.6, 13.9 సెంటీమీటర్లు రావాలి) పాత పెళ్ళి శుభలేఖల అట్ట మీద రెండు దీర్ఘచతురస్రాలు కత్తిరించండి. రెండు, గదిలో నేల మీద పాత పేపర్లు పరిచి, దారానికి చాక్‌పీసు కట్టి 50 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఒక వలయం గీయండి. దాని మీద ఆ రెండు అట్టల్ని వంపు వెంట జరుపుతూ, మూలలు గీత నుంచి ఎంత బయటికి వస్తున్నాయో మిల్లీమీటర్లలో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో ఆ అంకెతోనే ప్లాట్‌ఫారం అంచు ఎక్కడ పెట్టాలో తేలుస్తాం, అది లేకుండా ప్లైవుడ్ కోయించొద్దు.